టేకు గోడ మీద తుప్పు వీరుడు

కాకికోట సింహద్వారం దగ్గర కావలివాడు గాడిద మీది గోనెసంచులను బల్లెంతో పొడిచి చూశాడు. లోపల ఇనుము గలగలమంది. వాడి ముఖానికి కాకిముక్కు ఆకారంలో నల్లని తోలు ముసుగు ఉంది. ఆ ముక్కు సంచుల మీది నుంచి లేచి పైడి వైపు తిరిగింది. అక్కడి నుంచి ఆమె వెనక నిలబడ్డ పనివాడి మీద వాలింది.

“వీడెవడు?”

“మా పనోడు. అరిగాడు. సంచులు మోస్తాడు,” అంది పైడి తడుముకోకుండా. “బువ్వ ఎక్కువ, బుర్ర తక్కువ. ఒరే అరిగా, కళ్ళప్పగించి చూస్తావేటి? అయ్యకి దణ్ణం పెట్టరా!”

శ్వేతగిరి యువరాజు అరిందముడు బుద్ధెరిగాక మొదటిసారి ఒక కావలివాడికి వంగి దణ్ణం పెట్టాడు. పాతికేళ్ళుగా దణ్ణాలు పుచ్చుకోవడమే తప్ప పెట్టడం అలవాటు లేని చేతులవి. అయినా బాగానే కుదిరింది. కావలివాడు పక్కకు తప్పుకున్నాడు. గాడిద, పైడి, యువరాజు లోపలికి నడిచారు. వెనక తలుపులు మూసుకున్న చప్పుడు ఆ గోడల మధ్య చాలాసేపు తిరిగింది.

వాళ్ళు ఎందుకొచ్చారో చెప్పాలంటే ముందు తుప్పుబయలు గురించి చెప్పాలి. కాకికోట కొండ దిగితే కనుచూపు మేర ఎర్రగా పరుచుకున్న మైదానం అది. నూరేళ్ళ కిందట ఏడుగురు రాజులు ఏకమై ఖడ్గమార్తాండుడనే ఒక్క వీరుడితో అక్కడ యుద్ధం చేశారు. ఐదుగురు రాజులు కూలారు, అరవై వేల సేన కూలింది, పదహారో నాటికి ఆ ఒక్కడూ కూలాడు. శవాలను కాల్చారు గాని ఇనుమును ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కత్తులు, డాళ్ళు, కళ్ళేలు, రథచక్రాల పట్టాలు అన్నీ ఆ మట్టిలోనే ఉండిపోయి తుప్పు పట్టాయి. తొలకరి జల్లులకు మట్టి కొట్టుకుపోయినప్పుడల్లా కొన్ని పైకి తేలతాయి.

వాటిని ఏరుకుని బతికేవాళ్ళు తుప్పేరువాళ్ళు. పాత ఇనుము అమ్ముకునే బేరమనుకునేరు, కాదు. టేకు పలక మీద ఆ ముక్కలను మేకులతో కూర్చి వాళ్ళు తీర్చే ఉబ్బెత్తు బొమ్మలు చూడటానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. గుర్రపు లాడం వంపు నెమలి మెడ అవుతుంది. బాణపు ములుకులను వరసగా పేరిస్తే వరికంకి అవుతుంది. చిల్లులు పడ్డ డాలు వానమబ్బవుతుంది, తెగిన గొలుసులు దాని కింద వానధారలవుతాయి. అదే తుప్పు ఉదయపు ఎండలో పసుపుగా, మధ్యాహ్నం కుంకుమగా, పొద్దు వాలేసరికి ఎండిన నెత్తురుగా కనిపిస్తుంది. వాళ్ళు రంగు వేయరు, నిప్పు చూపరు, దొరికిన ముక్కను దొరికినట్టే వాడతారు. తుప్పును గోకడం మహాపాపం. చచ్చినవాడి చర్మం ఒలిచినట్టే లెక్క. ముక్క తీసిన గుంటలో చారెడు ఉప్పు పోసి మరీ ఇంటికొస్తారు.

అన్నిటికన్నా గట్టి కట్టడి ఇంకొకటుంది. ఒకే మనిషి ఒంటి మీది రెండు ముక్కలు ఒకే పలక మీద చేరకూడదు. ముక్కను నాలుక చివర తగిలించి, తుప్పు రుచిని బట్టి ఏది ఎవరిదో చెప్పగల విద్య వాళ్ళకు తరతరాలుగా ఉంది. ఆ విద్య ఉన్నది విడదీయడానికే.

దాన్ని కలపడానికి వాడుకోవాలన్న దుర్బుద్ధి మాంత్రికుడు శూలకర్ణుడికి పుట్టింది. ఖడ్గమార్తాండుడి ముక్కలన్నీ ఒక్క గోడ మీద చేర్చి, సూర్యగ్రహణం నిండే వేళ మంత్రం చదివితే వాడు లేస్తాడు. వాడు లేస్తే ఏడు రాజ్యాల్లో ఎదురు నిలిచేవాడు లేడు. అందుకని నెల కిందట తుప్పేరువాళ్ళలో గొప్ప పనివాడైన దాలప్పను ఎత్తుకుపోయాడు. దాలప్ప నడుము దాకా కూర్చి, అది ఎవరి బొమ్మో తెలిశాక సుత్తి పడేశాడు. అప్పటి నుంచి అతని ఒంటికి పాదాల నుంచి పైకి తుప్పు పాకుతోంది. గ్రహణం లోపల చెల్లెలు వచ్చి పని ముగించకపోతే అన్న నిలువునా తుప్పయిపోతాడని శూలకర్ణుడు ఊరూరా డప్పు వేయించాడు.

ఆ చెల్లెలే పైడి. బయలుదేరిన ఆమెకు ఏటి రేవు దగ్గర అరిందముడు అడ్డుపడ్డాడు. బొమ్మ పూర్తి కాకూడదని అతను, అన్న బతకాలని ఆమె. ఒక పూటంతా పోట్లాడుకుని చివరికి ఒక ఉపాయానికి వచ్చారు. ఆఖరి ముక్కగా మార్తాండుడి ఎడమచేతి తొడుగుకు బదులు ఎవరో కాలిబంటు తొడుగు పెట్టాలి. ఒక్క ముక్క పరాయిదైనా మంత్రం ఎదురుతిరిగి చదివినవాణ్ణే కొడుతుందని యువరాజు గురువు చెప్పాడట. మాంత్రికుడు పోతే వాడు పట్టించిన తుప్పూ పోతుంది. ఎడమచేతి తొడుగు తన దగ్గరే ఉందని, తెస్తానని పైడి ముందుగా కబురు కూడా పంపింది.

గ్రహణం ఆ రోజే, మధ్యాహ్నం.

శూలకర్ణుడు వాళ్ళ కోసం కొలువుకూటంలో ఎదురుచూస్తున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చెవి తమ్మెల్లో వేలెడేసి ఇనుప శూలాలు దిగేసుకున్నాడు. తల తిప్పినప్పుడల్లా అవి బుగ్గలకు తగిలి చిన్న గాట్లు పెడుతున్నాయి. వాడు వాటిని పట్టించుకోవడం లేదు. కూటం పైకప్పు మధ్యలో పెద్ద గుండ్రని కంత ఉంది. దానిలోంచి ఎండ నిట్టనిలువుగా దిగి, ఎదురుగా ఉన్న టేకు గోడ మీద పడుతోంది.

ఆ గోడ మీద సగం మనిషి ఉన్నాడు. మోకాళ్ళ కింద ముళ్ళ తొడుగులు, తొడల మీద పొలుసుల కవచం, నడుముకు పులితల బిళ్ళ ఉన్న పట్టా. అన్నీ ముదురు తుప్పుతో గోడ నుంచి పొంగి, ఒక కాలు ముందుకు వేసి ఆగినట్టున్నాయి. నడుము పైన సున్నపు గీత తప్ప ఏమీ లేదు. ఆ సగమంతా అన్న చేతిపని. అంత గొప్ప పని అంత చెడ్డవాడి కోసం జరిగిందని పైడికి కడుపు మండిపోయింది.

“ముందు మా అన్నని చూడాల,” అంది.

“చూడు. కాదన్నదెవరు? పక్క తలుపులోంచి వెళ్ళు,” అన్నాడు శూలకర్ణుడు మెత్తగా. వాడు అంత మెత్తగా మాట్లాడటం అరిందముడికి నచ్చలేదు.

గోడకు అవతలి వైపు ఇరుకైన చీకటి గది ఉంది. దాలప్పను రాతి దిమ్మ మీద నిలబెట్టి, వీపు టేకు పలకలకు ఆనించి, చేతులకూ కాళ్ళకూ సంకెళ్ళు వేశారు. తుప్పు రొమ్ము దాకా వచ్చింది. పైడి ముట్టుకుంటే అరచేతికి ఎర్రని పెచ్చులు అంటుకున్నాయి. ఆ పెచ్చుల కింద అన్న గుండె ఇంకా కొట్టుకుంటోంది.

“వచ్చేసినావా పైడీ? రావద్దని మొక్కుకున్నాను.”

“ఎవరికి మొక్కినావో గాని వాడికి నా సంగతి తెలీదు,” అంటూనే ఏడ్చేసింది. “నొప్పిగా ఉందా అన్నా?”

“నొప్పి కాదే. చలి. వీపంతా చలి. నిన్న ఆ మాయలోడు అవతల ఒక మేకు కొట్టి చూసినాడు. నా వీపులోనే దిగినట్టయింది.”

“గోడ అదురుతాది కదన్నా. నేను మెల్లిగా కొడతాను. మధ్యాన్నం దాకా ఓర్చుకో. మా దగ్గర ఉపాయం ఉంది.”

“ఉపాయం కాదు, నా మాట ఇను. వాడు నన్ను ఈడ ఎందుకు…” అంటుండగా దాలప్ప గొంతు గరగరమంది. తుప్పు అప్పుడే మెడకు ఎగబాకింది. నోరు తెరుచుకుంది గాని మాట పెగల్లేదు. కావలివాడు పైడిని జబ్బ పట్టుకుని లాక్కుపోయాడు.

పని మొదలైంది. కూటం మూల ఎద్దుబండెడు తుప్పు ముక్కల గుట్ట పోసి ఉంది. పైడి ఒక్కొక్కటే తీసి నాలుక చివర తగిలించింది. ఉప్పన, కాదు. చేదు, కాదు. పచ్చి వేపాకు కొరికినట్టు నాలుక మొద్దుబారితే అది మార్తాండుడిది. మూడు చెక్కలైన రొమ్ము కవచం దొరికింది. భుజాల మీది కొమ్ములు దొరికాయి. గొలుసు చొక్కా తునకలు, కుడిచేతి తొడుగు, సగానికి విరిగిన ఖడ్గం దొరికాయి. వాటి వంపు చూసి, కింద చెక్కముక్క ఎత్తు పెట్టి, జానెడు మేకులతో గోడకు బిగిస్తూ పోయింది. మేకు మేకుకూ బొమ్మ ఉబ్బుతోంది. ఎంత మెల్లిగా కొట్టినా, ప్రతి దెబ్బకూ గోడ అవతల ఎవరో ఊపిరి బిగబట్టిన చప్పుడు వినిపిస్తోంది. గోడ అదురే అనుకుని ఇంకా మెల్లిగా కొట్టింది. చివరికి ముఖకవచం బిగించింది. కళ్ళ స్థానంలో రెండు సన్నని చీలికలు, వాటి వెనక చీకటి. ఆమెకు దాని వైపు చూడబుద్ధి కాలేదు.

ఇక ఎడమ ముంజేయి ఒక్కటే ఖాళీ.

అరిందముడికి అక్కడ చేసే పనేమీ లేదు. సంచుల పక్కన గోడకు చేరబడి కూర్చున్నాడు. సంచి అడుగున, గుడ్డలో చుట్టి, అతని పొట్టి కత్తి ఉంది. కాకిముక్కుల వాళ్ళు చూడకుండా చెయ్యి లోపల పెట్టి దాన్ని సరిచూసుకున్నాడు. దీపపు ప్రమిదలో నూనె ఉంది, నేల మీద ఇటుక పొడి ఉంది. సంచి లోపలే, చూపు కావలివాళ్ళ మీద ఉంచి, వేళ్ళతో తడిమి కత్తికి రాశాడు. మరికాసేపట్లో ప్రాణం మీదికి వస్తే కత్తి పదునుగా ఉండాలి కదా. ఆయుధశాలలో ఐదేళ్ళ వయసు నుంచి నేర్పిన మొదటి పాఠం అదే: తుప్పు కనిపిస్తే ఊరికే కూర్చోకూడదు. కత్తి అయ్యాక చెయ్యి పక్కనున్న దాని మీదికి దానంతట అదే పోయింది.

పైడి ఆఖరి ముక్క కోసం వచ్చి సంచి తెరిచి నిలువునా నీరైపోయింది. కాలిబంటు చేతితొడుగు అద్దంలా మెరుస్తోంది.

“ఏటిది? ఏటి చేసినావు దొరా?”

“తుప్పు పట్టి ఉంటే తుడిచాను,” అన్నాడు అరిందముడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని అతనికి తెలివి రాలేదు. ముఖం పాలిపోయింది.

“నా అన్నని చంపేసినావు,” అంది పైడి. గట్టిగా కూడా అనలేదు.

అదే సమయానికి పైకప్పు కంతలోంచి పడే ఎండ అంచున చిన్న నొక్కు పడింది. గ్రహణం పట్టింది. ఆవరణలో కుక్కలు ఏడుపు అందుకున్నాయి.

శూలకర్ణుడు నవ్వుతూ వచ్చి ఆమె చేతిలోని తొడుగు లాక్కున్నాడు. వెలుతురుకు పెట్టి చూశాడు. మణికట్టు దగ్గర, నూరేళ్ళ తుప్పు కింద దాక్కున్న నెలవంక ముద్ర తళుక్కుమంది.

“శ్వేతగిరి కాలిబంటుది. పాపం, ఎక్కడ చచ్చాడో,” అన్నాడు. “తుప్పేరువాళ్ళ ఇంట పుట్టినవాడెవడూ తుప్పు తుడవడు. ఆయుధశాలలో పెరిగినవాడు తుడుస్తాడు. ఏం అరిగా? మీ నాన్నగారు కులాసాయేనా?”

అరిందముడు ఆ ప్రశ్నకు నూనె ప్రమిదతో జవాబు చెప్పాడు. అది అడ్డొచ్చిన కావలివాడి తోలుముక్కుకు తగిలి భళ్ళుమంది. మరుక్షణం కత్తి చేతిలో ఉంది. ఒకడు కూలాడు, రెండోవాడు సంచుల మీద తలకిందులయ్యాడు. మూడోవాడి బల్లెం విరిచి, ఆ ముక్కతోనే నాలుగోవాణ్ణి కొట్టి, యువరాజు శూలకర్ణుడి మీదికి దూకాడు. పైనుంచి వల పడింది. ఎనిమిది మంది తలో కొస పట్టి లాగితే కాలు జారి బోర్లా పడ్డాడు. కత్తి పిడి మాత్రం వదల్లేదు.

శూలకర్ణుడు తన అంగీలో చెయ్యి పెట్టి ఒక వస్తువు తీశాడు. ఎడమచేతి తొడుగు. తుప్పుతో నల్లబడి ఉంది.

“పన్నెండేళ్ళుగా నా దగ్గరే ఉంది. నువ్వేం తెస్తావో చూద్దామని ఊరుకున్నాను,” అని పైడి ముందు పెట్టాడు. “నాలుకకు తగిలించి చూసుకో.”

ఆమె చూసింది. నాలుక మొద్దుబారింది.

“బిగించు. బిగిస్తే మీ అన్న ముఖం మీద తుప్పు రవ్వంతైనా మిగలదు. నేను అబద్ధమాడేవాణ్ణి కాను. లేదంటే, తుప్పు ఇప్పటికే వాడి పెదవుల దాకా వచ్చింది, ముక్కు దాకా రావడానికి ఎంతసేపు?”

“వద్దు పైడీ!” వలలోంచి అరిచాడు అరిందముడు. “వాడు లేస్తే ఏడు రాజ్యాలు శ్మశానాలవుతాయి. మీ ఊరూ మిగలదు!”

“ఉపాయం చెప్పినోడివీ నువ్వే, చెడగొట్టినోడివీ నువ్వే. ఇంకేటి చెప్పకు దొరా,” అంది పైడి. ఆమె ముఖం తడిసిపోయింది. “ఏడు రాజ్యాలకీ రాజులున్నారు. మా అన్నకి నేను ఒక్కదాన్నే ఉన్నాను.”

సుత్తి అందుకుంది. ఒక మేకు. రెండు. మూడు. గోడ అవతలి నుంచి చప్పుడు లేదు. నాలుగో మేకు దిగేసరికి కూటం సంధ్యవేళలా మసకబారింది. శూలకర్ణుడు చేతులు పైకెత్తి మంత్రం అందుకున్నాడు. ఐదో మేకు దిగింది. కంతలో సూర్యుడు నల్లని బిళ్ళ అయ్యాడు.

మొదట కుడిచేతి వేళ్ళు గోడ నుంచి ఊడాయి, ఒక్కొక్కటిగా. తర్వాత భుజం కదిలింది. టేకు పలకలు ఫెళఫెళమని చీలిపోయాయి. ముఖకవచపు చీలికల్లో ఎర్రగా ఏదో రాజుకుంది. నూరేళ్ళ కిందట ముందుకు వేయబోయి ఆగిన కాలు ఇప్పుడు నేల మీద పడింది. కూటమంతా అదిరింది. కాకిముక్కుల వాళ్ళు వల వదిలేసి, ముసుగులు ఊడిపోతున్నా చూసుకోకుండా పారిపోయారు. శూలకర్ణుడు మాత్రం కదల్లేదు, సంతోషంతో ఊగిపోతున్నాడు.

అరిందముడు వల కోసుకుని లేచాడు. ఎదురుగా వెళ్ళి కొట్టాడు. కత్తి రొమ్ము కవచానికి తగిలి నిప్పులు రాలాయి. ఖడ్గమార్తాండుడు చేతి వెనక వైపుతో ఒక్క విసురు విసిరితే యువరాజు పది బారల దూరంలో పడ్డాడు.

పైడి వెనక్కి తగ్గింది. అయినా పనితెలిసినవాళ్ళ కళ్ళు పని మీదే ఉంటాయి. ఆ బొమ్మ నడుస్తున్న తీరు చూసింది. ఎటూ పక్కకు తిరగకుండా నిటారుగా ముందుకే వస్తోంది. ఆమెకు ఒక్కసారిగా తట్టింది. తను చేసింది విగ్రహం కాదు. గోడకు కొట్టిన పలక. ఏ పలకకైనా ముందు వైపే పని ఉంటుంది. వెనక మేకుల కొసలు తప్ప ఏముంటుంది?

“దొరా! దాని వెనక్కి పో!” అని గొంతు చించుకుంది. “అది పలక! పలకకి వీపుండదు! వెనకంతా డొల్లే! ఆడ కొట్టు!”

చెప్పి ఊరుకోలేదు. సుత్తి పట్టుకుని పోయి దాని ఎదురుగా నిలబడింది. “ఇటు సూడు! నిన్ను కూర్చింది నేనే! నా కేసి సూడు!”

ముఖకవచం ఆమె వైపు వంగింది. విరిగిన ఖడ్గం మెల్లగా పైకి లేచింది.

శూలకర్ణుడు అది విని ఆపలేదు, అడ్డుపడలేదు. చిరునవ్వు నవ్వాడంతే.

అరిందముడు గోడ పక్కగా పరుగెత్తాడు. చీలిన పలకల సందులోంచి ఇరుకు గదిలోకి దూరాడు. రాతి దిమ్మ ఖాళీగా ఉంది. తెగిన సంకెళ్ళు ఊగుతున్నాయి. దాలప్ప ఏమయ్యాడో చూసే తీరిక లేదు. గోడకు పడిన కంతలోంచి ఇవతలికి వచ్చి, ఖడ్గమార్తాండుడి వెనక నిలబడి, రెండు చేతులతో కత్తి ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

వెనక డొల్ల లేదు.

పైడి కొట్టిన జానెడు మేకులు టేకు పలకలను దాటి అవతలి వీపులో దిగాయి. ఇనుము తుప్పూ మనిషి తుప్పూ కలిసి ఒకటైపోయాయి. ఖడ్గమార్తాండుడికి వీపు ఉండాల్సిన చోట దాలప్ప ఉన్నాడు. వాడు వేసే ప్రతి అడుగుకూ వెనక్కి సాగిపోతూ, యువరాజు వైపు తిరిగి ఉన్నాడు. శూలకర్ణుడు మాట తప్పలేదు. దాలప్ప ముఖం మీద తుప్పు రవ్వంతైనా లేదు. కడిగినట్టున్న ఆ ముఖంలో కళ్ళు బతికే ఉన్నాయి.

ఆ కళ్ళు కత్తిని చూశాయి. అవతల, ఖడ్గం కింద నిలబడి అరుస్తున్న చెల్లెలి గొంతు అతని చెవిన పడింది. దాలప్ప పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. రొమ్ము ముందుకు చాపి కళ్ళు మూసుకున్నాడు.

“ఇంకా ఏటి చూస్తున్నావు దొరా?” పైడి కేక కూటమంతా మోగింది. “మా అన్న కోసం! కొట్టు!”